రెసిడెంట్ డాక్టర్ల బర్నౌట్ మీద థీసిస్ చేయవచ్చా? చేస్తే ఏం కొలవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీరు ఒక ప్రభుత్వ వైద్య కళాశాలలో కమ్యూనిటీ మెడిసిన్ మొదటి సంవత్సరం పీజీ. మీ కాలేజీ రెసిడెంట్లలో, అంటే పీజీ శిక్షణ పొందుతూ ఆసుపత్రిలో పనిచేసే డాక్టర్లలో, బర్నౌట్ (పని వల్ల మనిషి లోపల నలిగి ఖాళీ అయిపోవడం) ఎంత ఉందో థీసిస్‌గా చేద్దామనుకుంటున్నారు. బర్నౌట్‌ను కొలిచే మాస్లాక్ ప్రశ్నావళి తీసుకుని వంద మందిని అడిగితే చాలని మీ గైడ్ అన్నారు, చివర్లో ఒక యోగా శిక్షణ కూడా కలిపితే బాగుంటుందని విభాగాధిపతి (హెచ్‌ఓడీ) సూచించారు. ఇది చేయదగ్గ అంశమేనా, ఇప్పటిదాకా జరిగిన పరిశోధన ఏం తేల్చింది, మీరే అలసిపోయి ఉన్నప్పుడు ఈ పనిని నిష్పక్షపాతంగా చేయగలరా అన్నవి మీ సందేహాలు.

నేను ఇరవై రెండేళ్లుగా ఇదే సబ్జెక్టు బోధిస్తున్నాను. ఈ అంశం మీద నా దగ్గర ఐదు థీసిస్‌లు జరిగాయి. వాటిలో రెండే నాకు తృప్తినిచ్చాయి కనుక, మిగిలిన మూడింటిలో మేము చేసిన పొరపాట్లే ఈ సమాధానంలో ఎక్కువగా కనిపిస్తాయి.

సూటిగా చెప్పాలంటే, తప్పకుండా చేయండి, కానీ శాతం తేల్చడం కోసం చేయకండి. "మా కాలేజీలో ఇంత శాతం మందికి బర్నౌట్ ఉంది" అని ముగిసే థీసిస్ వల్ల ఒక్క రెసిడెంటుకూ ఒక్క గంట నిద్ర పెరగదు. ఆ రెసిడెంటు ఎన్ని గంటలు పనిచేశాడు, ఆ గంటల్లో ఏం చేశాడు, ఎవరి చేత మాటలు పడ్డాడు, వారాంతపు సెలవు దొరికిందా అన్న విషయాలను బర్నౌట్‌తో పాటు కొలవండి. వీలైతే అదే మనిషిని రెండుసార్లు కొలవండి. మీకు మూడేళ్ల వ్యవధి ఉంది, అది చాలు.

శాతం ఎందుకు అక్కరకు రాదో ముందు చెప్తాను. 2018లో జామా అనే అమెరికా వైద్య పత్రికలో వచ్చిన ఒక సమీక్ష 45 దేశాలకు చెందిన 182 అధ్యయనాలను, దాదాపు లక్షా పదివేల మంది వైద్యుల సమాచారాన్ని ఒకచోట చేర్చింది. వాటిలో బర్నౌట్ ఉన్నవారి శాతం సున్నా నుంచి 80.5 వరకు వచ్చింది. ఒక దేశంలో వైద్యులు హాయిగా ఉండి మరో దేశంలో నలిగిపోతున్నందువల్లనే ఇంత తేడా వచ్చిందనుకుంటే పొరపాటు. ఆ అధ్యయనాలన్నీ కలిపి బర్నౌట్‌కు కనీసం 142 నిర్వచనాలు వాడాయి. అందుకే సమీక్షకులు మొత్తానికి ఒక సగటు శాతం ఇవ్వకుండా వదిలేశారు. మీరు అదే దారిలో వెళ్తే నూట నలభై మూడో నిర్వచనం చేర్చినవారవుతారు.

ఈ గందరగోళం ఎక్కడ మొదలైందో తెలుసుకుంటే మీ ఉపోద్ఘాతం రాయడానికి కూడా పనికొస్తుంది. న్యూయార్క్‌లో ఒక ఉచిత వైద్యశాలలో పనిచేసిన హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అనే మనస్తత్వవేత్త 1974లో ఈ మాటను ఇప్పటి అర్థంలో రాశారు. 1981లో క్రిస్టినా మాస్లాక్, సుసాన్ జాక్సన్ దానికి 22 ప్రశ్నల కొలమానం తయారుచేశారు. అందులో తొమ్మిది ప్రశ్నలు లోపలి సత్తువ అడుగంటడం గురించి, ఐదు ప్రశ్నలు ఎదుటి మనిషి పట్ల మనసు మొద్దుబారడం గురించి, ఎనిమిది ప్రశ్నలు చేసిన పనికి సార్థకత ఉందన్న భావన గురించి అడుగుతాయి. మూడింటినీ విడివిడిగా చూడాలి, కలిపి ఒక మొత్తం మార్కు ఇవ్వకూడదు.

మొద్దుబారడం అంటే ఏమిటో పుస్తకంలోని నిర్వచనం కంటే వార్డులోనే బాగా తెలుస్తుంది. అడ్మిషన్ డే (యూనిట్ కొత్త రోగులను చేర్చుకునే డ్యూటీ రోజు) మర్నాడు తెల్లవారుజామున ఐదున్నరకు ఒక రెండో సంవత్సరం పీజీ కేస్ షీట్ల దొంతర ముందు నిలబడి, బెడ్ల దగ్గరికి వెళ్లకుండానే వరుసగా అందరికీ ఒకటే బీపీ రాసుకుంటూ పోవడం నేను చూశాను. మధ్యలో తలెత్తి, "పన్నెండో బెడ్డు పాంక్రియాటైటిస్ ఇంకా డిశ్చార్జి కాలేదా?" అని సిస్టర్‌ను విసుక్కుంది. అంతకు ఆరు నెలల ముందు అదే వార్డులో, వెంట ఎవరూ లేని ఒక ముసలాయనకు హాస్టల్ నుంచి ఇడ్లీ తెచ్చి పెట్టిన అమ్మాయే ఆమె. మీరు కొలవవలసింది ఆ ఆరు నెలల్లో వచ్చిన ఈ మార్పునే.

ఇక కటాఫ్‌ల సంగతి, అంటే ఇంత స్కోరు వస్తే "ఎక్కువ" అని గీసే గీతలు. సత్తువ అడుగంటడంలో 27, మొద్దుబారడంలో 10 లేదా అంతకు మించి వస్తే "ఎక్కువ" అని మన థీసిస్‌లన్నీ రాస్తాయి. ఆ అంకెలు ఏ వైద్య పరీక్ష ద్వారానో తేలినవి కావు. మొదట సేకరించిన అమెరికన్ నమూనాను మూడు సమాన భాగాలుగా కోసి, పైభాగానికి "ఎక్కువ" అని పేరు పెట్టారు. 2016లో వచ్చిన నాలుగో ముద్రణలో ప్రశ్నావళి రూపకర్తలే ఆ కటాఫ్‌లను తొలగించారు. అయినా మన దగ్గర పాత థీసిస్ చూసి కొత్త థీసిస్ రాసే అలవాటు వల్ల అవి ఇంకా బతికే ఉన్నాయి. నా దగ్గర చేసిన మొదటి విద్యార్థి డేటాను వైవాకు రెండు రోజుల ముందు మళ్లీ లెక్కించి చూశాం. ఏదో ఒక విభాగంలో ఎక్కువ ఉంటే బర్నౌట్ అనుకుంటే సగానికి పైగా మంది వచ్చారు, మూడు విభాగాలూ కలిస్తేనే అనుకుంటే వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది మిగిలారు. డేటా ఒకటే, మనుషులూ వాళ్లే. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ ఆ ప్రశ్న అడగలేదు కాబట్టి గట్టెక్కాం.

ఇంకో మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణలో 2022 నుంచి అమల్లోకి వచ్చిన పదకొండో కూర్పు బర్నౌట్‌ను వ్యాధిగా గుర్తించలేదు, పని నుంచి పుట్టే స్థితిగా మాత్రమే పేర్కొంది. కనుక క్షయ వ్యాప్తిని లెక్కించినట్టు దీని వ్యాప్తిని లెక్కించడమే ఒక విధంగా అసంగతం. స్కోరును స్కోరుగానే ఉంచి, దేనితో కలిసి పెరుగుతోందో, దేనితో తగ్గుతోందో చూడడం మేలు.

(మీ గైడ్ చెప్పిన వంద ఎక్కడిదో మీకు తెలిసే ఉంటుంది. వ్యాప్తి 50 శాతం, అనుమతించే పొరపాటు 10 శాతం అని నమూనా పరిమాణానికి వాడే 'నాలుగు పీక్యూ బై డీ స్క్వేర్' సూత్రంలో వేస్తే సరిగ్గా వంద వస్తుంది. పొరపాటును 5 శాతానికి తగ్గిస్తే నాలుగు వందలవుతుంది. మన కాలేజీల్లో సగం థీసిస్‌ల నమూనా పరిమాణం ఈ ఒక్క సౌకర్యం నుంచి పుట్టిందే. శాతం తేల్చడం మీ లక్ష్యం కానప్పుడు ఈ సూత్రమే మీకు వర్తించదు. బయోస్టాటిస్టిక్స్ వారితో కూర్చుని, ఎంత తేడాను పట్టుకోవాలనుకుంటున్నారో చెప్పి, దానికి తగిన సంఖ్య రాబట్టండి.)

ఇప్పుడు కారణాల దగ్గరికి వద్దాం, పరిశోధన నిజంగా గట్టిగా ఉన్నది ఇక్కడే.

పని గంటలు. మిషిగన్ విశ్వవిద్యాలయంలో శ్రీజన్ సేన్ బృందం ఇంటర్న్‌లను (అక్కడ శిక్షణలో మొదటి ఏడాది డాక్టర్లను అలా అంటారు) చేరకముందే ఒకసారి, చేరాక మూడు నెలలకొకసారి అడుగుతూ వచ్చింది. 2010లో ప్రచురించిన ఫలితాల్లో, డిప్రెషన్‌ను అంచనా వేసే తొమ్మిది ప్రశ్నల పీహెచ్‌క్యూ-9 మీద డిప్రెషన్ గీత దాటినవారు ఇంటర్న్‌షిప్‌కు ముందు 3.9 శాతం ఉంటే, ఇంటర్న్‌షిప్ కాలంలో సగటున 25.7 శాతం అయ్యారు. వాళ్లు చేరినప్పుడే బలహీనులని ఇక ఎవరూ అనలేరు. 2022లో అదే అధ్యయనం నుంచి వచ్చిన మరో పత్రం గంటలను విడదీసి చూపింది: వారానికి 40 నుంచి 45 గంటలు పనిచేసినవారిలో స్కోరు సగటున 1.8 పెరిగితే, 90 గంటలు దాటినవారిలో 5.2 పెరిగింది. గంటలు పెరిగిన కొద్దీ స్కోరు మెట్లు ఎక్కుతున్నట్టు కనిపించడం కారణాన్ని వెతికేవారికి చాలా విలువైన సాక్ష్యం.

నిద్రలేమి దెబ్బ రెసిడెంటుతో ఆగదు. 2004లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ అనే వైద్య పత్రికలో వచ్చిన ప్రయోగంలో, 24 గంటలు దాటే షిఫ్టులు చేసిన ఇంటర్న్‌లు ఐసీయూలో తీవ్రమైన వైద్య తప్పిదాలు 35.9 శాతం ఎక్కువగా చేశారు. మరుసటి ఏడాది అదే పత్రికలో వచ్చిన సర్వేలో, అటువంటి షిఫ్టు ముగించుకుని ఇంటికి వెళ్లే దారిలో వాహన ప్రమాదానికి గురయ్యే అవకాశం 2.3 రెట్లు ఉందని తేలింది. రాత్రంతా క్యాజువాలిటీలో ఉండి ఎండలో బైక్ మీద రూముకు వెళ్లే మన పిల్లలను తలుచుకుంటే ఆ అంకె నన్ను ఇప్పటికీ వదలదు.

గంటలు ఒక్కటే కథ మొత్తం చెప్పవు. ఇక్కడ చాలామంది తొందరపడతారు. 2020లో అమెరికాలో ఆరు పిల్లల ఐసీయూలలో సుదీర్ఘ షిఫ్టులను తీసేసి చూస్తే, అందరూ ఆశించినట్టు తప్పులు తగ్గలేదు, పెరిగాయి. లోతుగా చూస్తే, కొత్త షెడ్యూలులో ఒక్కో రెసిడెంటు చూడవలసిన రోగుల సంఖ్య 6.7 నుంచి 8.8కి పెరిగింది. ఆ భారాన్ని లెక్కలోకి తీసుకున్నాక తేడా పోయింది. మనుషులను పెంచకుండా గంటలు కత్తిరిస్తే, అంతే పనిని తక్కువ సేపట్లో పరుగెత్తి చేయవలసి వస్తుంది. అందువల్ల మీ ఫారంలో గంటలతో పాటు ఆ రోజు ఎంతమంది రోగులు తన కింద ఉన్నారో, యూనిట్‌లో ఎంతమంది పీజీలు డ్యూటీలో ఉన్నారో తప్పకుండా అడగండి.

నా తృప్తికరమైన రెండు థీసిస్‌లలో ఒకటి ఇంకాస్త ముందుకు వెళ్లింది. ఆ విద్యార్థిని సర్జరీ, మెడిసిన్, గైనిక్ పీజీలకు జేబులో పట్టే చిన్న పుస్తకాలు ఇచ్చి, ఒక అడ్మిషన్ డే మొత్తం ఏ గంటలో ఏం చేశారో రాయమంది. నింపని పుస్తకాలే ఎక్కువ తిరిగివచ్చాయి. నింపినవాటిలో మాత్రం మేము ఊహించనిది కనిపించింది. రాత్రి పన్నెండు నుంచి నాలుగు వరకు ఒక మొదటి సంవత్సరం సర్జరీ పీజీ రాసుకున్న పనులు ఇవి: శాంపిల్ పట్టుకుని ల్యాబుకు వెళ్లడం, బ్లడ్ బ్యాంకు దగ్గర నిలబడడం, దాత దొరకలేదని వచ్చిన అటెండర్లకు సర్దిచెప్పడం, ట్రాలీ కోసం వెతకడం, ఆరోగ్యశ్రీ అనుమతి కోసం రిపోర్టుల ఫొటోలు తీసి అప్‌లోడ్ చేయడం, సర్వర్ ఆగిపోతే మళ్లీ చేయడం. ఆ నాలుగు గంటల్లో వైద్యం అని చెప్పగలిగింది ఒక డ్రెస్సింగ్. పుస్తకం చివరి పేజీలో ఆ కుర్రాడు, "ఈ రాత్రి నేను డాక్టర్‌గా పనిచేసింది ఇరవై నిమిషాలు" అని రాశాడు. నన్ను అడిగితే మాస్లాక్ మూడో విభాగం అడిగేదంతా ఆ వాక్యంలోనే ఉంది. రాత్రి షిఫ్టుకు ఇద్దరు అటెండర్లను పెంచితే ఎన్ని గంటలు మిగులుతాయో ఆ పుస్తకాల ఆధారంగా లెక్క కట్టి సూపరింటెండెంటుకు ఇచ్చాం. ఒక బ్లాకులో ఒకరిని వేశారు. ఏ శాతమూ సాధించలేని పని అది.

దీనికి ఎదురుగా ఉన్న అనుభవం కూడా చెప్పాలి. కేసులు అంతగా రాని కాలేజీల్లో పీజీలు సుఖంగా ఉంటారని మనం అనుకుంటాం. అటువంటి చోట చదివినవారితో నేను మాట్లాడినప్పుడు, అలసట తక్కువే కానీ, "రేపు బయటికి వెళ్తే నాకు పని వస్తుందా?" అన్న భయం లోపల తొలిచేస్తోందని చెప్పారు. క్షేమం అంటే బర్నౌట్ లేకపోవడం మాత్రమే అనుకుంటే వీళ్లు మీ లెక్కకు అందరు. నెల రోజుల్లో సీనియర్ పక్కన నిలబడి నేర్పించిన పని ఏదైనా ఉందా అని ఒక్క ప్రశ్న చేర్చండి.

మాటలు పడడం, అవమానం. నలుగురి ముందు తిట్టడాన్ని శిక్షణలో భాగమని మనం సర్దుకుపోయాం. 2019లో న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో 262 శిక్షణా కేంద్రాలకు చెందిన 7,409 మంది అమెరికన్ సర్జరీ రెసిడెంట్ల సర్వే వచ్చింది. 31.9 శాతం మంది లింగవివక్షను, 30.3 శాతం మంది తిట్లు లేదా చేయిచేసుకోవడాన్ని, 10.3 శాతం మంది లైంగిక వేధింపును ఎదుర్కొన్నామన్నారు. మొదటి చూపులో మహిళల్లో బర్నౌట్ ఎక్కువగా కనిపించింది. ఈ దురుసు ప్రవర్తనను లెక్కలోకి తీసుకున్నాక స్త్రీపురుషుల మధ్య ఆ తేడా మాయమైంది. కనుక "ఆడపిల్లలు తట్టుకోలేరు" అని మీ కాలేజీలో ఎవరైనా అంటే, వాళ్లు తట్టుకోవలసింది ఎక్కువగా ఉందని జవాబు చెప్పవచ్చు. ఈ ప్రశ్నలు లేకుండా "ఆడ, మగ" కాలమ్ ఒక్కటే పెట్టి పట్టిక వేస్తే, మీ థీసిస్ ఆ అపోహకు ఊతమిచ్చినట్టవుతుంది.

మన దేశపు నిబంధనలను కూడా పోలిక కోసం పక్కన పెట్టుకోండి. 1992లో కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ జారీచేసిన రెసిడెన్సీ ఆదేశాల ప్రకారం జూనియర్ రెసిడెంట్లు సాధారణంగా వారానికి 48 గంటలు, ఏకబిగిన 12 గంటలకు మించకుండా పనిచేయాలి. "పని అవసరాలకు లోబడి" అనే మాట అందులోనే ఉంది, ముప్పై ఏళ్లుగా ఆసుపత్రులన్నీ ఆ మాట మీదే నడుస్తున్నాయి. జాతీయ వైద్య కమిషన్ 2023 పీజీ నిబంధనలు గంటల సంఖ్య చెప్పకుండా "సహేతుకమైన పని గంటలు" అని ఊరుకున్నాయి, వారానికి ఒక సెలవు, ఏడాదికి 20 రోజుల క్యాజువల్ లీవు ఇచ్చాయి. 2024లో అదే కమిషన్ నియమించిన జాతీయ కార్యదళం వారానికి 74 గంటలకు మించకూడదని, ఒక రోజు సెలవు ఉండాలని సిఫారసు చేసింది. ఆ కార్యదళం ఆన్‌లైన్ సర్వేలో 5,337 మంది పీజీలు పాల్గొన్నారు, వారిలో 31.2 శాతం మంది ఆత్మహత్య ఆలోచనలు వచ్చాయన్నారు. స్వచ్ఛందంగా నింపిన సర్వే కాబట్టి బాధలో ఉన్నవారే ఎక్కువగా నింపి ఉండవచ్చు. అయినా తేలిగ్గా తీసిపారేయదగ్గ అంకె కాదు. మీ కాలేజీలో 48 దాటినవారు, 74 దాటినవారు, గత నెలలో నాలుగు సెలవులూ దొరికినవారు ఎందరో చెబితే, అది నిబంధన అమలు మీద నేరుగా సాక్ష్యమవుతుంది.

అధ్యయన రూపం గురించి నా సలహా. రాబోయే బ్యాచ్ చేరే వారంలో, అడ్మిషన్ కాగితాల హడావిడి ముగిసి డ్యూటీలు పడకముందు, ఒకసారి కొలవండి. మూడు నెలలకు, ఆరు నెలలకు మళ్లీ అదే మనుషులను అడగండి. మీ ప్రోటోకాల్ (పరిశోధన ప్రణాళిక) విశ్వవిద్యాలయానికి వెళ్లి ఎథిక్స్ కమిటీ ఆమోదం పొందేసరికి ఆ సమయమే వస్తుంది. ఇది కుదరకపోతే ఇంకో మార్గం ఉంది, ఇంతవరకు నా విద్యార్థులెవరూ చేయలేదు కానీ చేయాలని నాకు కోరిక. 2021 బ్యాచ్ నుంచి ప్రతి పీజీ మూడు నెలలు జిల్లా ఆసుపత్రిలో పనిచేయాలి కదా. వెళ్లేముందు, అక్కడ ఉన్నప్పుడు, తిరిగి వచ్చాక అదే మనిషిని కొలిస్తే, మనిషి మారకుండా పనిచోటు మాత్రమే మారినప్పుడు ఏమవుతుందో తెలుస్తుంది. ఆ మూడు నెలలు ఇక్కడ అతని పని ఎవరి నెత్తిన పడిందో, వాళ్ల స్కోరు ఏమైందో కూడా చూడడం మరవకండి.

కొలమానం విషయంలో ఎక్కువ ఆలోచించనక్కరలేదు. మాస్లాక్ ప్రశ్నావళికి డబ్బు కట్టి లైసెన్సు తీసుకోవాలి, ఎక్కడో దొరికిన పీడీఎఫ్‌తో కానిచ్చేస్తే ప్రచురణ దగ్గర ఇబ్బంది పడతారు. 2005లో ప్రచురితమైన కోపెన్‌హాగన్ బర్నౌట్ ఇన్వెంటరీ ఉచితం, 19 ప్రశ్నలే, వ్యక్తిగత అలసటనూ, పని వల్ల వచ్చే అలసటనూ, రోగుల వల్ల వచ్చే అలసటనూ విడదీస్తుంది. మన ఆసుపత్రుల్లో పీజీని రోగి కంటే వ్యవస్థే ఎక్కువగా అలసిపోయేలా చేస్తుందన్నది నా అనుమానం, ఆ విభజన దానిని పరీక్షించడానికి పనికొస్తుంది.

గోప్యత దగ్గరే మా మూడో థీసిస్ చెడిపోయింది. గూగుల్ ఫారంలో పేరు అడగలేదు కాబట్టి గోప్యంగానే ఉందనుకున్నాం. డిపార్ట్‌మెంటు, సంవత్సరం, వయసు, లింగం, వివాహస్థితి అడిగాం. అనస్థీషియా రెండో సంవత్సరంలో పెళ్లయిన అమ్మాయి కాలేజీ మొత్తానికి ఒకరే ఉంటారు. పట్టిక చూసిన ఎవరైనా ఆమెను గుర్తుపట్టగలరని ఆమే వచ్చి చెప్పేదాకా మాకు తట్టలేదు. పైగా ఫారంలో ఈమెయిల్ సేకరించే మీట ఆన్‌లో ఉండిపోయింది. ఆ డేటా మొత్తం పక్కన పెట్టేశాం. మీరు డిపార్ట్‌మెంట్లను "సర్జికల్, మెడికల్, పారాక్లినికల్" అని మూడు గుంపులుగా అడగండి, వయసు వద్దు. మళ్లీ కలపడానికి వాళ్లే తయారుచేసుకునే కోడు ఇవ్వండి, తల్లి పేరులో మొదటి రెండక్షరాలు, పుట్టిన తేదీలో రోజు, సొంత ఊరి చివరి అక్షరం వంటివి. ఫారాలను హెచ్‌ఓడీల ద్వారా పంపించకండి. జూనియర్ డాక్టర్ల సంఘం (జూడా) ప్రతినిధులతో ముందే మాట్లాడండి. అయితే స్టైపెండ్ సమ్మె జరుగుతున్న వారంలో మాత్రం డేటా తీసుకోకండి, కోపాన్ని కొలిచి అలసట అని రాయవలసి వస్తుంది.

నింపనివారి గురించి కూడా ఆలోచించండి. అతిగా నలిగినవాడికి ఫారం నింపే తీరిక ఉండదు. ఏ యూనిట్ నుంచి ఫారాలు రాలేదో ఆ యూనిట్ డ్యూటీ రోస్టరు తీసి చూడండి, అదే ఒక ఫలితం.

పీహెచ్‌క్యూ-9 వాడితే తొమ్మిదో ప్రశ్నకు ముందే సిద్ధపడాలి. చనిపోతే బాగుండునన్న ఆలోచన వచ్చిందా అని అడిగి, వచ్చిందన్న జవాబును ఆరు నెలల తర్వాత ఎక్సెల్‌లో చూడడం తప్పు. ఫారం పేరులేనిదైతే, ఆ ప్రశ్నకు సున్నా కాని జవాబు ఇచ్చిన వెంటనే తెర మీద టెలిమానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ) 14416 నంబరు, ఎథిక్స్ కమిటీకి ముందే తెలిపిన ఒక సైకియాట్రిస్టు ఫోను కనిపించేలా పెట్టండి. ఆ సైకియాట్రిస్టు వాళ్ల పరీక్షల్లో మార్కులు వేసే వ్యక్తి కాకూడదు.

ఇక యోగా. మీ హెచ్‌ఓడీ గారి సూచనను తీసిపారేయడం లేదు. 2017లో వచ్చిన ఒక మెటా అనాలిసిస్ (అనేక అధ్యయనాల ఫలితాలను కలిపి లెక్కించేది) వైద్యుల బర్నౌట్ తగ్గించే ప్రయత్నాలను రెండుగా విడదీసింది. వ్యక్తికి నేర్పే ధ్యానం, ఒత్తిడి నిర్వహణ వంటివాటి ప్రభావం 0.18, రోస్టరు, పని భారం, పనితీరు వంటి సంస్థ స్థాయి మార్పుల ప్రభావం 0.45. మొదటిది నిష్ఫలం కాదు, కానీ చిన్నది, అదీ మనిషి ఆ తరగతికి రాగలిగితేనే. మా దగ్గర ఒకసారి డ్యూటీ ముగిసిన సాయంత్రం యోగా తరగతి పెడితే, పోస్ట్ డ్యూటీలో ఉన్న ఒక ఆర్థో పీజీ, "మేడమ్, ఆ గంట నన్ను పడుకోనివ్వండి, అదే నాకు శవాసనం" అన్నాడు. హెచ్‌ఓడీ గారిని నొప్పించకుండా ఉండాలంటే, యోగాతో పాటు డ్యూటీ మర్నాడు మధ్యాహ్నం సెలవు ఇచ్చే యూనిట్లనూ ఇవ్వని యూనిట్లనూ పోల్చుతామని ప్రోటోకాల్‌లో చేర్చండి. ఇప్పటికే కొన్ని యూనిట్లు ఆ సెలవు ఇస్తుంటాయి కనుక మీరు కొత్తగా ఎవరి అనుమతీ అడగనక్కరలేదు.

చివరగా మీ గురించి. అలసిపోయినవారు అలసటను పరిశోధించకూడదన్న నియమం ఏదీ లేదు, అలా అయితే ఈ రంగంలో పరిశోధకులే మిగలరు. క్లినికల్ పీజీలు మిమ్మల్ని చూసి, "మీరు నాలుగింటికి వెళ్లిపోతారు, మీకేం తెలుసు" అంటారు, దానికి కూడా సిద్ధంగా ఉండండి. అయితే మీరు రాసిన రెండు వాక్యాలు నన్ను ఆపాయి: సెలవు మీద ఇంటికి వెళ్లినా ఏదీ బాగా అనిపించడం లేదని, తెల్లవారుజామునే మెలకువ వచ్చేస్తోందని. పని నుంచి దూరంగా వెళ్తే కాస్తయినా తేలికపడేది బర్నౌట్. దూరంగా వెళ్లినా వదలనిది డిప్రెషన్ కావచ్చు. 2015లో 17,560 మంది శిక్షణలోని వైద్యుల సమాచారాన్ని కలిపి చూసిన సమీక్ష 28.8 శాతం మందిలో డిప్రెషన్ లేదా దాని లక్షణాలు ఉన్నాయని తేల్చింది కనుక, ఇది మీ ఒక్కరికే వచ్చిన సంగతి అనుకోకండి. బర్నౌట్ అన్న మర్యాదైన పేరు చాటున దానిని దాచుకోకండి.

పైలట్‌గా మీరే మొదట పీహెచ్‌క్యూ-9 నింపండి. 10 లేదా అంతకు మించి వచ్చినా, తొమ్మిదో ప్రశ్నకు జవాబు సున్నా కాకపోయినా, ఈ వారంలోనే సైకియాట్రిస్టును కలవండి. మీ కాలేజీలో మొహమాటంగా ఉంటే వేరే చోట కలవండి, 14416లో తెలుగులో మాట్లాడేవారు రాత్రీ పగలూ ఉంటారు. ప్రోటోకాల్ ఒక నెల ఆలస్యమైతే మీ గైడ్ ఏమీ అనరు, అన్నా పడవచ్చు. మొత్తం ఫారం నింపడానికి ఎంత సేపు పట్టిందో కూడా గడియారం చూసి రాసుకోండి. ఏడెనిమిది నిమిషాలు దాటితే ప్రశ్నలు తగ్గించండి, క్యాజువాలిటీలో ఉన్న పీజీకి అంతకు మించి తీరిక దొరకదు. మీరు నింపిన ఆ ఫారం మాత్రం డేటాలో కలపకండి.